ఏడో సముద్రం చిలుకా, పిడికెడు బెల్లమూ

అనగనగా ఒక రాజంటే మామూలు రాజనుకునేరు! కలివిడిపురాన్నేలిన మణికేతుడు వంద రాజుల పెట్టు. ఆయన కోటవాకిట ఒక గంగాళం. అందులో ఏనుగు మునిగితే తొండం కూడా కనిపించేది కాదు. అబద్ధమైతే నా మీసం రాలిపోవాలి! ఇప్పటికే రాలిందంటారా? అది వయసువల్లర్రా.

ఆ ఊరికి ఎవరొచ్చినా తమ చోటినుంచి తెచ్చింది పిడికెడు ఆ గంగాళంలో వెయ్యాలి. అదీ ఆచారం. మొదట తెప్పలమీద వచ్చినవాళ్లు ఉప్పు వేశారు. ఊరికి మాట తప్పని గుణం వచ్చింది. తర్వాత కరువుకొండలు దిగినవాళ్లు జొన్నలు వేశారు. పట్టు విడవని గుణం వచ్చింది. ఆ తర్వాత ఓడల్లో వచ్చినవాళ్లు మిరపకాయలు వేశారు. అప్పట్నుంచి ఊరందరికీ వేళాకోళం అబ్బింది.

ఒకనాడు రేవులోకి మరో ఓడ వచ్చింది. వచ్చినవాళ్లకు ముందు ఆ గంగాళంలో కాచిన అంబలి పొయ్యడమూ ఆచారమే, అందుకని రాజు చిన్నకొడుకు తరంగసేనుడు అంబలికుండ ఎత్తుకుని ఓడెక్కాడు. అదే సమయానికి పింగళజటుడనే మంత్రగాడు, నేలకు జానెడెత్తున తేలుతూ, రాజు దగ్గరికొచ్చాడు.

"రాజా! నీ జనం కలగూరగంప. బయటినుంచి వచ్చినదంతా ఏరేస్తాను, అచ్చమైన రాజ్యం మిగుల్తుంది."

మిరపవాళ్లు తన బట్టతలమీద పాట కట్టారని రాజుకు అప్పటికే ఒళ్లుమంట. "కానీ!" అన్నాడు.

మంత్రగాడు దండం తిప్పాడు. మిరపవాళ్లు రాళ్లయ్యారు. జొన్నవాళ్లు రాళ్లయ్యారు. ఉప్పువాళ్లూ రాళ్లయ్యారు. చప్పట్లు కొడుతున్న పెద్దకొడుకులిద్దరూ కొడుతూనే రాళ్లయ్యారు! రాజు నడుందాకా బండబారాడు.

"ఓరి, నన్నెందుకురా?"

"మీ తాత దిగింది తెప్పలోంచే కదా! ఏడురోజుల్లో తలదాకా రాయివే. ఇక బయటిది ఏది ఈ నేలను తాకినా అంతే!"

ఓడలోంచి ఇదంతా చూసిన తరంగసేనుడు దూకబోయాడు. ఓడనాయకుడి కూతురు నాగమల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"దిగితే మీరూ రాయే, రాకుమారా! మా ఓడ ఉందిగా."

"మా ఊరు మీకింకా చోటైనా ఇవ్వలేదే!"

"అంబలి ఇచ్చింది కదా."

అంతలో ఊరంత తాబేలు నీళ్లలోంచి తలెత్తింది. "నాయనా, మీ తాతను ఒడ్డుకు చేర్చింది నేనే. ఆ మంత్రగాడి ప్రాణం ఏడో సముద్రం అవతల చిలుకలో ఉంది. నా వెంట రండి!"

మొదటి సముద్రం మూడు జాముల్లో దాటారు. రెండోది రెండు జాముల్లో. మూడోది రెప్పపాటులో! మిగతా నాలుగూ ఓడను చూసి వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి.

"నన్ను చంపుతావా?" అంది పంజరంలో చిలుక.

"ముందు అంబలి తాగుతావా?" అన్నాడు తరంగసేనుడు.

చిలుక మిరపముక్కలు ఏరుకు తిని కళ్లు తుడుచుకుంది. "వందేళ్లలో తిన్నావా అని అడిగినవాడు లేడు. నీతోనే వస్తా."

ఏడోరోజుకు రేవు చేరారు. రాయి రాజు గడ్డందాకా వచ్చేసింది. తరంగసేనుడు తెడ్డుమీద చిలుకను కూచోబెట్టి ఒడ్డుకు చాపాడు.

"జటలయ్యా! ఈ చిలుక మా ఊరిదా, బయటిదా?"

మంత్రగాడి ముఖం పాలిపోయింది. "వద్దు, దించకు! దాని కాలు నేల తాకితే నేనూ పోతాను!"

"అయితే నీ మంత్రం వెనక్కి తీసుకో."

తీసుకున్నాడు. ఊరంతా ఒక్కసారిగా తుమ్మి లేచింది! మంత్రగాడు తేలే శక్తి పోయి ఇసుకలో చతికిలబడ్డాడు. ఒక మిరపవాళ్ల అవ్వ వాడి దగ్గరికెళ్లి, "ఏరా, తిన్నావా? నీ పిడికెడేదీ?" అంది.

"నన్నే ఊరూ రానివ్వలేదు, అవ్వా. నా దగ్గరేముంది?"

"చిలుక ఉందిగా! అంబలిలో వెయ్యంలే, భయపడకు."

అందరికంటే గట్టిగా నవ్వింది రాజే. నాగమల్లివాళ్లు గంగాళంలో పిడికెడు బెల్లం వేశారు. ఆ తీపి నోట ఉండగానే తరంగసేనుడికీ నాగమల్లికీ పెళ్లయింది. తొంభైతొమ్మిదేళ్లు ఏలారు, నూరోయేడు నేను లెక్కపెట్టలేదు, పెళ్లిభోజనం ఇంకా అరుగుతోంది! ఆ చిలుక మాత్రం కోటగుమ్మంమీదే ఉంది. రేవులోకి ఏ ఓడొచ్చినా "ఎవరు మీరు?" అనదు. "తిన్నారా?" అంటుంది.