రాసినవాళ్లు నిలబడే చోటు

దానయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఏటిగట్టుపాలెం గ్రంథాలయం గోడకున్న నల్లబోర్డు మీద రోజూ పొద్దున్నే ఊరి వార్తలు సుద్దముక్కతో రాసేవారు. రాసి వెళ్లిపోయేవారు కాదు. చేతులు దులుపుకొని ఆ బోర్డు పక్కనే గంటసేపు నిలబడేవారు. ముప్పయ్యేళ్లు పత్రికలో విలేకరిగా చేసి మానుకున్న మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు. "కూర్చోవచ్చు కదండీ" అని ఎవరైనా అంటే, "ఎవరి గురించి రాశానో వాళ్లొచ్చి అడిగినప్పుడు కూర్చుని జవాబు చెప్పడం మర్యాద కాదు" అనేవారు.

ఆయన దగ్గర వార్త రాయడం నేర్చుకుంటున్న పిల్ల ప్రసూన. ఇంటర్ తప్పింది. పాత పేపర్లు చదివి, మాస్టారి వెంట తిరిగి, మిగిలింది తనంతట తానే పట్టుకుంది. ఈ మధ్య ఒక టీవీ ఛానల్‌కి ఫోన్లో వీడియోలు తీసి పంపుతోంది గానీ, వాళ్లు గుర్తింపు కార్డు ఇంకా ఇవ్వలేదు. ఆ కార్డు మెడలో వేసుకుని, ఇంటర్ తప్పిందని తనని చూసి నవ్విన వీధిలోంచి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నింపాదిగా నడవాలని ఆ పిల్ల కోరిక.

ఒక మంగళవారం ఊరి బళ్లో మధ్యాహ్న భోజనాలయ్యాక ఆరుగురు పిల్లలకి వాంతులయ్యాయి. ప్రసూన ఆసుపత్రికి పరుగెత్తి, మంచాల మీదున్న పిల్లల్ని వీడియో తీసి పంపింది. సాయంత్రానికల్లా టీవీ తెర ఎర్రబడింది. "బడి భోజనంలో విషం! వంట మనిషి నిర్వాకం!" ఆ మాటలు ఛానల్ వాళ్లు కల్పించినవి కావు. వీడియో కింద ప్రసూన రాసి పంపినవే.

తెల్లారి ఆమె గ్రంథాలయం దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద ఇలా ఉంది: "బడిలో ఆరుగురు పిల్లలకు వాంతులు. ఆసుపత్రిలో కోలుకుంటున్నారు. కారణం ఇంకా తెలియలేదు."

చదివేసరికి ఆమెకి ఒళ్లు మండింది. "ఇంత మెల్లగా చెబితే ఎవరు వింటారు మాస్టారూ? ఊరంతా అరుస్తుంటే మీరు గొణుగుతున్నారు."

మాస్టారు వాదించలేదు. తను రాసింది గుడ్డతో తుడిచేసి, సుద్దముక్క ఆమె చేతిలో పెట్టారు. "టీవీలో వచ్చిన మాటలే రాయమ్మా. అంత పెద్దగానూ రాయి. రాశాక నిలబడు." అని లోపలికి వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నారు.

ప్రసూన రాసింది. బారెడేసి అక్షరాలు. చూస్తుండగానే జనం మూగారు. ఆటో ఆగింది, బస్సు కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. టీ కొట్టు సూరిబాబు కెటిల్ పట్టుకునే వచ్చి, "మాస్టారి బోర్డుకి ఇన్నాళ్లకి ఉప్పూ కారం తగిలిందిరోయ్!" అన్నాడు. అందరూ నవ్వారు, ప్రసూన కూడా. ఆ గుంపులోనే ఇంకెవరో అన్నారు: "టీవీవాళ్లు సవాలక్ష చెబుతారు. మాస్టారి బోర్డెక్కిందంటే మాత్రం నిజమే." ఆ మాట ప్రసూనకి ఎక్కడో కలుక్కుమంది. మింగేసింది.

జనం పలచబడ్డాక వచ్చింది మరిడమ్మ, ఆ బళ్లో తొమ్మిదేళ్లుగా వండిపెడుతున్న మనిషి. పొద్దున్నే వంటగదికి వేరే తాళం వేసి ఆమెని గుమ్మంలోంచే పంపేశారు.

"అమ్మాయిగారూ, నాకు చదువు రాదండి. నా గురించేదో రాసేరంట. కాస్త చదివి పెడతారా?"

ప్రసూన చదివింది. అంత పెద్ద అక్షరాలు గొంతులోంచి మాత్రం పెద్దగా రాలేదు. మరిడమ్మ డాక్టరు మాట విన్నట్టు చేతులు కట్టుకుని చివరిదాకా వింది.

"నేనేం కలిపేనో కూడా రాసుందాండి అందులో?"

ప్రసూనకి అర్థం కాలేదు.

"కొత్త నూనె పేకెట్టు కోసేను. పప్పు రెండుసార్లు కడిగేను. రాత్రంతా అదే ఆలోచన, ఎక్కడ తప్పు చేసేనో తెలవడం లేదు. రాసినోళ్లకి తెలిసే ఉంటది కదండీ. చెబితే మళ్లీ ఆ తప్పు చెయ్యను."

అప్పుడే ఫోను మోగింది. ఛానల్ ఇన్‌ఛార్జి. "ఆ వంటావిడ ఏడుస్తున్న ముక్క ఒకటి కావాలమ్మా, పదకొండు వార్తలకి. ఇది కొట్టావంటే కార్డు నీ మెడలో ఉన్నట్టే." ఏడవడానికి అరక్షణం దూరంలో ఉన్న మొహం ఎదురుగానే ఉంది. చెయ్యెత్తి వీడియో తీస్తే చాలు. ప్రసూన ఫోను కట్టేసింది.

"రాసింది నేనే, మరిడమ్మగారూ. మీరేం కలిపారో నాకు తెలీదు. అసలు కలిపారో లేదో కూడా తెలీదు."

మరిడమ్మకి కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. "తెలవకుండా కూడా రాస్తారాండీ?"

కిటికీ వైపు చూస్తే మాస్టారు తల ఎత్తలేదు. ప్రసూన బోర్డు తుడిచేసి, ఎండలోనే ఆసుపత్రికి నడిచింది. పిల్లలు లేచి కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. బడి కంచెలో అడవి ఆముదం కాయలు కోసి, గింజలు బాదం పప్పుల్లా ఉన్నాయని పంచుకు తిన్నారట. "నిన్న రాత్రే తేలింది కదమ్మా," అంది డాక్టరమ్మ. "ఎవరూ అడగలేదు." ఇన్‌ఛార్జికి ఫోను చేస్తే ఆయన నవ్వాడు. "కాయలు తిన్నారా? అదీ ఒక వార్తేనా?" ఆమె మళ్లీ చేసింది. మూడోసారి ఆయన ఎత్తలేదు.

గురువారం పొద్దున్న మాస్టారు రాకముందే బోర్డు నిండిపోయింది. అవే బారెడేసి అక్షరాలు: "పిల్లలు తిన్నది అడవి ఆముదం గింజలు. మరిడమ్మ వంటలో ఏ దోషమూ లేదు. నిన్న ఇక్కడ తప్పు రాసింది ప్రసూన." మాస్టారు వచ్చి చదివి, సుద్దముక్క అడిగి తీసుకుని, కింద ఒక వరస కలిపారు: "రాయనిచ్చింది దానయ్య."

ఆమె నిలబడింది. గంట దాటినా కదల్లేదు. బస్సు ఆగకుండా వెళ్లిపోయింది. సూరిబాబు దూరం నుంచే చదివి, "ఓస్, అంతేనా" అని వెనక్కి తిరిగాడు. ఎండ గోడెక్కింది, ఆమె నీడ కాళ్ల కిందికి వచ్చేసింది.

"మాస్టారూ, నిన్న చదివినవాళ్లలో సగం మంది కూడా రాలేదండీ."

మాస్టారు బోర్డు వైపు చూశారు. తర్వాత గుమ్మం దగ్గర విడిచిన ఆమె చెప్పుల వైపు చూశారు.

"బోర్డుకి కాళ్లు లేవు కదమ్మా," అన్నారు.