కోడి పొడిచిన చుక్క

అనగనగా ఏడు సముద్రాలకు అవతల ఒక చల్లని దీవి. ఇంగ్లండు అంటారు దాన్ని. అక్కడ ఎండ చుట్టపుచూపుగా వస్తుంది, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోతుంది. వాన మాత్రం ఇల్లరికపుటల్లుడు. వచ్చిందంటే కదలదు.

ఆ దీవిలో ఒక చిన్న ఊళ్ళో హెస్టరమ్మ అని ఒకావిడ ఉండేది. అసలు పేరు హెస్టరే. పెద్దావిడ కదా, అమ్మ అని మనం కలుపుకుందాం. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఒక పెంకుటిల్లు, నల్లరాతి పలకలు పరిచిన పెరడు, ఆ పెరట్లో ఐదు కోళ్ళు. అందులో ఒకదాని పేరు డచెస్. డచెస్ అంటే వాళ్ళ భాషలో జమీందారిణి లాంటిదన్నమాట. గింజలు చల్లితే మిగతా కోళ్ళు పరుగెత్తుకొచ్చేవి. డచెస్ నడిచి వచ్చేది.

హెస్టరమ్మది లేసు అల్లే చెయ్యి. లేసు ఎలా అల్లుతారో తెలుసా? మనం ముగ్గు వేసే ముందు చుక్కలు పెట్టుకుంటాం చూడండి, అలాగే వాళ్ళు ముందుగా ఒక అట్టమీద సూదితో బెజ్జాలు పొడుచుకుంటారు. ఆ బెజ్జాల్లో గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ దారం తిప్పుతారు. చుక్క తప్పితే ముగ్గు తప్పుతుంది. బెజ్జం తప్పితే లేసు తప్పుతుంది. అరవై ఏళ్ళలో హెస్టరమ్మ పొడిచిన బెజ్జం ఒక్కటీ తప్పలేదు.

అంతలో యంత్రాలొచ్చాయి. ఆవిడ నెలంతా కూర్చుని అల్లే లేసును యంత్రం మనం టీ చల్లార్చుకునేలోగా అల్లి పారేసింది. హెస్టరమ్మ సూదులు డబ్బాలోకి పోయాయి. చేతులు ఒళ్ళోకి వచ్చాయి.

"పనిలేని చేతులు పరాయివాళ్ళ చేతుల్లా ఉంటాయే" అనేది డచెస్‌తో. వినేవాళ్ళు ఇంకెవరున్నారు?

ఆ ఊరి చివర పెద్ద రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో సినిమాలు తీసేవాళ్ళు. ఒక ఏడాది ఒక దర్శకుడు వచ్చి, చందమామను దాటి వెళ్ళే ఓడ కథ తీస్తానన్నాడు. నలభైమంది పనివాళ్ళు చేరారు. అప్పట్లో కంప్యూటర్లు లేవు మరి. చందమామ కావాలంటే ప్లాస్టరుతో పోత పొయ్యాలి. ఓడ కావాలంటే చెక్కతో చెయ్యాలి. ఓడ చేసినవాడు అంబ్రోస్ అనే వడ్రంగి. చెక్కమీద టీ వడగట్టే జల్లెడలు అతికించాడు, కోటు బొత్తాలు అతికించాడు, పాడైపోయిన గడియారాల చక్రాలు అతికించాడు. దగ్గరికెళ్ళి చూస్తే అది చెత్తబుట్ట. పది అడుగులు వెనక్కి వేసి చూస్తే ఆకాశంలో పోయే ఓడ.

అన్నీ కుదిరాయి. ఆకాశం ఒక్కటే కుదరలేదు.

నల్లగుడ్డమీద తెల్లరంగు చల్లితే గోడకు సున్నం వేస్తూ చిందించినట్టుంది. అప్పుడు ఎవరో అన్నారు, నల్ల అట్టకు సన్నని బెజ్జాలు పొడిచి, వెనక దీపాలు పెడితే చుక్కలు నిజంగానే మెరుస్తాయని. మంచిమాటే. కానీ అంత సన్నగా పొడిచే చెయ్యి ఎవరిది? వడ్రంగులు పొడిస్తే మేకు దిగినట్టుంది.

దర్శకుడు విసిగిపోయాడు. "నెలాఖరుకి ఆకాశం రావాలి. రాకపోతే సినిమా లేదు. షెడ్డుకు తాళం వేసి అందరం ఇళ్ళకు పోదాం" అన్నాడు.

అంబ్రోస్ తిన్నగా హెస్టరమ్మ ఇంటికి వెళ్ళాడు.

"హెస్టరమ్మా, నీ సూదులున్నాయా?"

"ఉన్నాయి. నీ చొక్కా చిరిగిందా?"

"చొక్కా కాదమ్మా. ఆకాశం. ఆకాశం కుట్టిపెట్టాలి."

హెస్టరమ్మ అతని మొహం చూసింది. వాసన కూడా చూసింది, పొద్దున్నే తాగి వచ్చాడేమోనని. తాగలేదు. విషయమంతా విని, డబ్బా తీసి సూదులు తుడిచింది. ఆ డబ్బా తెరిచి ఏడేళ్ళయింది.

తలుపంత పెద్ద నల్ల అట్టలు తొమ్మిది. షెడ్డులో ఒక మూల కూర్చుని వారం రోజులు పొడిచింది. తొమ్మిదీ గోడలా నిలబెట్టి, వెనక దీపాలు వెలిగించారు. నలభైమందీ ఆహా అన్నారు. దర్శకుడు చూశాడు. అటునుంచి చూశాడు, ఇటునుంచి చూశాడు.

"బాగుంది. కానీ ఆకాశం కాదు" అన్నాడు.

నిజమే. బెజ్జం పక్కన బెజ్జం, వరస కింద వరస, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. అరవై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా? దొరసాని కిటికీకి కట్టే తెరలా ఉందది.

ఓడలో యాత్రికుడి వేషం వేసినతను కిటికీలోంచి తల బయటపెట్టి, "నేనెటు చూడాలండీ? అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నాడు.

రెండోసారి హెస్టరమ్మ ఒక ఉపాయం చేసింది. కళ్ళకు రుమాలు కట్టుకుంది. "చూస్తే కదా వరస పెట్టేది! చూడనే చూడను" అని వారం రోజులు గుడ్డిగా పొడిచింది. దీపాలు వెలిగించారు. అంబ్రోస్ దగ్గాడు. ఆకాశం నడిమధ్య చక్కని గులాబీ, దాని రెండువైపులా రెండు ఆకులు! కళ్ళు మూస్తే ఏముంది, ఆవిడ వేళ్ళకు కళ్ళున్నాయి.

"బాగుంది. కానీ ఆకాశం కాదు" అన్నాడు దర్శకుడు.

"నేనెటు చూడాలండీ? పువ్వు వైపా?" అన్నాడు యాత్రికుడు.

నలభైమందీ నవ్వారు. హెస్టరమ్మ కూడా నవ్వింది. ఇంటికి వెళ్ళాక నవ్వలేదు. నెలాఖరుకు పదిరోజులే ఉంది. పనిలేని చేతులంటే ఏమిటో ఆవిడకు తెలుసు. తన చేతులు సరే, ముసలివి. ఆ నలభైమంది చేతులు?

తెల్లవారింది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే ఆగింది. రోజూలాగే పెరట్లోకి వెళ్ళి, గుప్పెడు బార్లీ గింజలు తీసి కోళ్ళకు చల్లింది. చల్లి, అలాగే నిలబడిపోయింది.

తడిసిన నల్లరాతి మీద తెల్లని గింజలు. ఒకచోట గుంపుగా, ఒకచోట పల్చగా, ఒకచోట ఒంటరిగా. వరస లేదు, పువ్వు లేదు, ఆకు లేదు.

"ఓసి డచెస్! ఇన్నాళ్ళూ ఆకాశాన్ని నీకు మేతేస్తున్నానటే!" అంది హెస్టరమ్మ.

గింజకు నమూనా తెలియదు పిల్లలూ. చెయ్యి వదిలాక ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. చెయ్యి నేర్చినదంతా గింజ మరిచిపోతుంది.

అంబ్రోస్ కొత్త అట్టలు బండిలో వేసుకుని వచ్చాడు. షెడ్డులో నడవడానికే చోటు లేదు, అంతా చందమామే. అందుకని పెరట్లోనే పరిచారు. అట్ట తడిస్తే ఉబ్బిపోతుంది కాబట్టి ఎండ కావాలి. ఎదురుచూడగా చూడగా చుట్టం వచ్చింది. ఎప్పుడూ లేనిది, మూడు రోజులు ఉంటానంది.

అట్టమీద గుప్పెడు గింజలు చల్లడం, గింజ పడ్డచోటల్లా సూదితో పొడవడం. ఇదీ పని. మరి కోళ్ళు ఊరుకుంటాయా? మన ఇళ్ళల్లో వడియాలు ఎండబెట్టి కాకుల్ని తోలినట్టు, అంబ్రోస్ చీపురు పట్టుకుని కోళ్ళను తోలుతూ నిలబడ్డాడు.

"ఓడలు చేసే చేతులమ్మా ఇవి. చీపురు పట్టించావు" అన్నాడు.

"ఓడ చేశావు, సరే. ముందు కోడిని ఆపు."

మొదటిరోజు మూడు అట్టలయ్యాయి. రెండోరోజు మూడయ్యాయి. మూడోరోజు రెండయ్యాయి. మిగిలింది ఒక్క అట్ట. అదీ అయిపోవచ్చింది. ఎండ వాలుతోంది, పడమట మబ్బు లేస్తోంది. అంబ్రోస్ చీపురు గోడకు ఆనించి, టీ కప్పు అందుకున్నాడు. ఒక్క గుటక. అంతే.

డచెస్ నడిచి వచ్చింది. పరుగెత్తలేదు, నడిచే వచ్చింది. అట్టమీదికి ఎక్కింది. నచ్చిన గింజ చూసుకుంది. టక్కున పొడిచింది.

గింజ పోయింది. అట్టకు కందిగింజంత బెజ్జం పడింది.

అంబ్రోస్ కప్పు కింద పడేశాడు. "అయ్యయ్యో! నా టీ పాడుగాను! ఇంకో అట్ట లేదే!"

ఉన్నా లాభం లేదు. వాన చినుకులు మొదలయ్యాయి. తెల్లారితే నెలాఖరు.

"వెనకనుంచి నల్లకాగితం ముక్క అంటించేద్దాం. ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు అంబ్రోస్ గొంతు తగ్గించి.

హెస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ లేసు నేర్పుతూ చెప్పింది. తప్పు కుట్టు పడితే రెండే దారులు. విప్పాలి, లేకపోతే చెప్పాలి. బెజ్జాన్ని విప్పలేం కదా. చెబుతాను."

"చెబితే షెడ్డు మూసేస్తాడు!"

"తెరమీద ఆవగింజ కూడా గుమ్మడికాయంత కనిపిస్తుందన్నది నువ్వే కదురా? నువ్వంటించే కాగితం కనబడదా? తప్పుతో పాటు దొంగతనం కూడా కనబడుతుంది."

మర్నాడు తొమ్మిది అట్టలూ నిలబెట్టారు. వెనక దీపాలు వెలిగించారు. షెడ్డులో మిగతా దీపాలు తీసేశారు.

నలభైమందిలో ఒక్కరూ ఆహా అనలేదు. గోడ లేదు, అట్ట లేదు. లోతు, లోతు, ఇంకా లోతు. ఆ లోతులో చుక్కలు. ఒక మూల మాత్రం అన్నిటికన్నా పెద్దగా, కాస్త వంకరగా ఒకే ఒక చుక్క.

"బాగుంది" అన్నాడు దర్శకుడు.

అందరూ 'కానీ' కోసం చూశారు. రాలేదు.

"ఆ మూల పెద్ద చుక్క పెట్టిందెవరు?" అన్నాడు.

అంబ్రోస్ నోరు తెరవబోయాడు. హెస్టరమ్మ ముందుకొచ్చింది. చేతులు ఏప్రానుకు తుడుచుకుంది. "మా కోడి పొడిచిందయ్యా. గింజ ఏరుకోబోయి పొడిచింది. అది తప్పు. విప్పడానికి వీల్లేక చెబుతున్నాను."

దర్శకుడు ఓడ వైపు తిరిగాడు. కిటికీలో యాత్రికుడు ఉన్నాడు. ఆ రోజు అతను ఎటు చూడాలని అడగలేదు. ఎవరూ చెప్పకుండానే ఆ పెద్ద చుక్కకేసి చూస్తున్నాడు, వీధి చివర నిలబడి తన ఇంటి దీపం చూసుకునేవాడిలా.

"దాన్ని ముట్టుకోకండి," అన్నాడు దర్శకుడు మెల్లగా. "అతను బయల్దేరిన ఇల్లు అదే. కెమెరా తిప్పండి."

షెడ్డు మూతపడలేదు. సినిమా ఊరూరా ఆడింది. ఆ ఊరికీ వచ్చింది. నలభైమందీ హెస్టరమ్మను మధ్యలో కూర్చోబెట్టుకుని చూశారు. పెద్దపెద్దవాళ్ళ పేర్లు తెరమీద పడ్డాయి. ఆవిడ పేరు పడలేదు, అంబ్రోస్ పేరూ పడలేదు. కానీ యాత్రికుడు కిటికీలోంచి చూసి "అదిగో మా ఇల్లు" అన్నప్పుడు, హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, హెస్టరమ్మ లేచి నిలబడి అరిచింది:

"మా డచెస్! అది మా డచెస్సే!"

వెనకవాళ్ళు "ష్ష్, కూర్చోండమ్మా" అన్నారు. కూర్చుంది. ఆ పక్కన నలభైమంది నోళ్ళు మూసుకుని నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ చేతులు మళ్ళీ ఒళ్ళోకి రాలేదు. ఏ సినిమాకు ఆకాశం కావాలన్నా ఆవిడే. వరసగా తొమ్మిది ఆకాశాలు పొడిచి, పదోది సగంలో ఉండగా వెళ్ళిపోయింది. మట్టి ఇచ్చిన రోజు అందరూ పువ్వులు వేశారు. అంబ్రోస్ జేబులోంచి గుప్పెడు బార్లీ తీసి చల్లాడు. వాళ్ళింకా అక్కడ ఉండగానే పిట్టలు వాలాయి. ఎవరూ తోలలేదు.

మిగిలిన సగం ఆకాశాన్ని అంబ్రోస్ తన లావుపాటి వేళ్ళతో పూర్తి చేశాడు. గింజలు చల్లి, గింజ పడ్డచోట పొడిచి.

ఇప్పటికీ ఆ షెడ్డులో కొత్త ఆకాశం మొదలుపెట్టే రోజున, అందరికన్నా పెద్ద పనివాడు నల్ల అట్టమీద గుప్పెడు బార్లీ చల్లుతాడట. అట్టంతా అయ్యాక చివరి బెజ్జం ఒకటి ఉంచుతారు. దాన్ని కళ్ళు మూసుకుని, కాస్త వంకరగా, కాస్త పెద్దగా పొడుస్తారు. దాని పేరు కోడిచుక్క. ఎవరైనా పనిలో పొరపాటు చేసి దాచబోతే పక్కవాడు అంటాడట, "దాచకు. చెప్పు. అది కోడిచుక్కేమో చూద్దాం."

మన ఆకాశంలో పిల్లలకోడి ఉంది కదా, చుక్కలన్నీ పొదిగినట్టు ఒక్కచోట ఉంటాయి. వాళ్ళ అట్ట ఆకాశంలో ఒంటికోడి ఉంది. గింజ కనబడినా పరుగెత్తదు.

గింజలు కోళ్ళకు, చుక్కలు ఆకాశానికి, మనం అన్నాలకు.