ఖాళీ కుర్చీకి ప్రార్థన

మున్సిపల్ చైర్మన్ గవర్రాజుకు ఒకటే తలనొప్పి, పదో వార్డు కౌన్సిలర్ చేతన. ఆవిడ నాస్తికురాలు. సమావేశానికి ముందు అందరూ లేచి ప్రార్థన చేస్తుంటే ఆవిడ వరండాలోకి వెళ్ళి నిలబడేది. అది ముగిశాక వచ్చి తన కుర్చీలో కూర్చునేది.

ఈ గోడు చెప్పుకోవడానికి గవర్రాజు ఆశ్రమానికి వెళ్ళాడు. పూర్ణబోధ స్వామికి ఆయన చిన్ననాటి నుంచీ శిష్యుడు. కౌన్సిల్లో పాడే ప్రార్థన కూడా ఆ స్వామి మీద కట్టిందే. కట్టించింది గవర్రాజే.

"ఆవిడ ఏమంటుంది?" అని స్వామి అడిగాడు.

"మీ దేవుడితో నాకు పేచీ లేదు, మీ ఇంట్లో ఎంతసేపైనా పూజ చేసుకోండి, నా వార్డుకు మంచినీళ్ళు అడగాలంటే ముందు దండం పెట్టాలా అంటుంది స్వామీ. ఎంత పొగరో చూడండి."

రేపు పదో వార్డు పైపులైను సంగతే చర్చకు వస్తుందట. ప్రార్థన మొదలవగానే తలుపు గడియ పెట్టి, సమావేశం అయ్యేదాకా తీయవద్దని బంట్రోతుకు చెప్పి ఉంచాడట. ఆవిడ లోపల లేకపోతే ఆ పైపులైను గురించి అడిగే దిక్కే ఉండదు. ఇదంతా గవర్రాజు ముసిముసిగా నవ్వుకుంటూ చెప్పాడు.

 అంతా విని, రేపు తానూ వస్తానన్నాడు స్వామి. గవర్రాజుకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

మర్నాడు హాల్లో తన పక్కనే స్వామికి పట్టుబట్ట పరిచిన కుర్చీ వేయించాడు. చేతన ఎప్పట్లాగే లేచి బయటికి నడిచింది. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి ప్రార్థన అందుకున్నారు. అందరికన్నా గవర్రాజు గొంతే పెద్దది. మధ్యలో గడియ పడిన చప్పుడు వినిపించి ఆయన ప్రాణం కుదుటపడింది.

ప్రార్థన ముగిసి కళ్ళు తెరిచేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

గవర్రాజు లేచి హాలంతా కలయజూశాడు.  బంట్రోతు చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"స్వామివారు ఆవిడ వెనకాలే వెళ్ళారండి. బయట ఎవరున్నా గడియ పెట్టెయ్యమన్నారు కదండీ తమరు."

గవర్రాజు పరుగున వెళ్ళి తన చేత్తోనే గడియ తీశాడు. వరండాలో గోడవార చేతన పక్కన స్వామి నిలబడి ఉన్నాడు. ఆవిడ కూడా నిర్ఘాంతపోయి ఆయన్నే చూస్తోంది.

అపచారం జరిగిపోయింది, లోపలికి దయచేయమని గవర్రాజు చేతులు జోడించి వేడుకున్నాడు.

స్వామి కదల్లేదు.

"నాకు ఇక్కడ ఓటు లేదు గవర్రాజూ. ఆవిడను పిలువు."

 గవర్రాజు తలుపు రెండో రెక్క కూడా తీసి, ఆవిడకు దారి వదిలి, తల వంచుకుని నిలబడ్డాడు.