కెజియా అడిగిన సాయం

అనగనగా ఒక ఎర్రమట్టి కొండ. ఆ కొండ కింద ఒక సెమినరీ. దేవుడు తమను సేవకు పిలిచాడని నమ్మినవాళ్ళు అక్కడికి వచ్చి బైబిలు వాక్యం చదువుకునేవారు. వాళ్ళలో కొందరు పెళ్ళికాని కుర్రాళ్ళు. కొందరు మాత్రం మంచి మంచి ఉద్యోగాలు వదిలి, భార్యాబిడ్డలతో, మంచాలూ బిందెలతో తరలివచ్చినవాళ్ళు. అలాంటి కుటుంబాల కోసం చదువు గదుల వెనక పెంకుటిళ్ళు వరసగా ఉండేవి. అన్నిటికీ కలిపి ఒకటే పొడవాటి వసారా.

ఒక వేసవి చివర ఆ వరసలోకి కెజియా కాపురం వచ్చింది. ఆమె భర్త జెకర్యా నీటిపారుదల శాఖలో ఇంజనీరు కొలువు మానుకున్నాడు. కెజియా పట్నంలో ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సులందరికీ పెద్దగా ఉండేది. ఆమె అడుగు వినబడితే వార్డు వార్డంతా సర్దుకునేది. ఆ కొలువును ఆమె కూడా వదులుకుని వచ్చింది. వాళ్ళకు ఒక్కతే కూతురు, హెప్సిబా. ఏడేళ్ళ పిల్ల.

ఇంకా సామాను దింపుతుండగానే పక్కింటి దొర్కా వచ్చింది. ఆమె భర్త నథానియేలు తహసీల్దారు పని వదిలి వచ్చినవాడు. దొర్కా చేతిలో మూతపెట్టిన గిన్నె, గిన్నెలో పొగలు కక్కే ఉప్మా.

“వందనాలు వదినగారూ. ఇవాళ మీరు పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారు, ఎప్పుడు వండుతారు? ఇది తినండి,” అంది.

నిజానికి పొద్దుటినుంచీ వాళ్ళు తిన్నది బిస్కెట్లే. అయినా కెజియా నవ్వి, “మేము దారిలో భోంచేసే వచ్చామండీ. మీకెందుకు శ్రమ,” అంది.

హెప్సిబా గిన్నెవైపు చూసింది, తల్లివైపు చూసింది. దొర్కా గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాయి. కెజియా వంటగది మూలన కప్పు కారసాగింది. రెండిళ్ళ అవతలుండే సుందర్‌పాల్ అటు వెళుతూ ఆగాడు. అతను కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి వచ్చినవాడు. ఎత్తులెక్కడం అతనికి అలవాటు.

“అక్కా, మీ పైన పెంకు జరిగినట్టుంది. ఎక్కి సర్దమంటారా?”

“వద్దు తమ్ముడూ. కొంచెం చెమ్మ, అంతే,” అంది కెజియా. అతను వెళ్ళాక, కారే ప్రతి చోటా ఒక గిన్నె పెట్టుకుంది. రాత్రంతా గిన్నెలు టప్ టప్‌మన్నాయి.

వారానికొక సాయంకాలం ఆడవాళ్ళంతా సుందర్‌పాల్ భార్య పుష్పలీల ఇంట్లో చాప మీద కూర్చునేవారు. ఎవరి బాధ వారు చెప్పుకునేవారు, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసేవారు. ఒకామె, ఉద్యోగం వదిలి వచ్చినందుకు తన తండ్రి తమతో మాట్లాడడం మానేశాడని చెప్పింది. మరొకామె, పిల్లవాడు పాత బడి కోసం ఏడుస్తున్నాడని చెప్పింది. కెజియా వంతు వచ్చింది.

“మాకేం లోటు లేదండీ. దేవుని దయవల్ల అంతా బాగుంది. మీ అందరి కోసం ప్రార్థిస్తాను,” అంది.

వెంటనే పక్కామె వైపు తిరిగి, ఇక మీ వంతన్నట్టు తలూపింది.

ఇలా మూడు మార్లు తోడు దగ్గరదాకా వచ్చింది. మూడు మార్లూ ఆమె మర్యాదగా తిప్పి పంపేసింది.

అలాగని కెజియా మనసు రాయి కాదు. ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా ఆమే పరుగెత్తేది. గాయమైతే కట్టు కట్టేది, బాలింతకు పథ్యం చెప్పేది. అందరూ ఆమెను సిస్టరమ్మా అని గౌరవంగా పిలిచేవారు. మందులకి ఇంటికొచ్చినా, పని కాగానే దండం పెట్టి వెళ్ళిపోయేవారు. కూర్చునేవాళ్ళు లేరు.

ఒకనాడు హెప్సిబా అడిగింది. “అమ్మా, మనింటికి ఎవరూ ఎందుకు రారు?”

“వస్తారుగా, మందులకి.”

“మందులకి కాదు. ఊరికే.”

కెజియా తల వంచి పప్పు కలపసాగింది.

కొన్నాళ్ళకు జెకర్యా, తోటి విద్యార్థులు కొందరితో కలిసి, కొండ అవతలి పల్లెలకు సేవకు వెళ్ళాడు. అక్కడికి ఫోన్లు అందవు. ఆ మరునాడే, హెప్సిబా బడికి పోయిన వేళ, కెజియా బట్టలుతికే రాతి దగ్గర నాచు మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు పుటుక్కుమంది. విరిగిందని ఆమెకు వెంటనే తెలిసింది. చేతికి తువ్వాలు చుట్టుకుని, తనే ఆటో పిలుచుకుని ఆస్పత్రికి వెళ్ళి, పిండికట్టు వేయించుకుని వచ్చింది. వసారాలో దొర్కా ఎదురై, “అయ్యో, ఏమైంది వదినగారూ?” అంటే, “చిన్న దెబ్బేలెండి, నేను చూసుకుంటాను,” అని తలుపు వేసుకుంది.

తెల్లారింది. హెప్సిబాకు నడుం దాకా ఒత్తైన జుట్టు. కెజియా ఎడమచేత్తో దువ్వెన పట్టింది. జుట్టును మూడు పాయలు చేసేలోగా రెండు జారిపోయేవి. దువ్వెన కిందపడింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పడింది. చివరికి పిల్ల ముఖం నిండా జుట్టు పరుచుకుంది.

హెప్సిబా తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది. “పర్లేదమ్మా. టీచరు అడిగితే, నాకు ఇలాగే ఇష్టమని చెప్తాను. ఏమీ కాలేదని చెప్తాను.”

ఆ మాట కెజియా గుండెలో గుచ్చుకుంది. అది పిల్ల గొంతే గానీ, మాట తనది. తను నేర్పిన పాఠం.

ఆమె లేచింది. పిల్ల చెయ్యి పట్టుకుని వసారాలోకి వచ్చింది. పక్క గుమ్మం నాలుగడుగులే, కానీ ఆ నాలుగడుగులూ వెయ్యడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. దొర్కా చేటలో బియ్యం ఏరుతోంది.

“వదినా,” అంది కెజియా. పిల్లను కొంచెం ముందుకు నెట్టింది. “మా హెప్సిబాకి జడ వేసిపెడతారా? నా వల్ల కావడం లేదు.”

దొర్కా చేట పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి, పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, చిక్కులు మెల్లగా విడదీయసాగింది.

“మొదటి రోజు ఉప్మా వద్దన్నారు,” అంది దొర్కా, తల ఎత్తకుండా. “మా వంట మీకు ఆనదనుకున్నాను. మళ్ళీ తేవడానికి మొహం చెల్లలేదు.”

“ఆకలితోనే ఉన్నాం వదినా.”

“మరి ఎందుకు వద్దన్నారు?”

కెజియా గుమ్మం మీద కూలబడింది. “తింటే ఏడ్చేస్తానని భయం వేసింది. ఆస్పత్రిలో ఏం కావాలన్నా అందరూ నన్నే అడిగేవారు. ఇక్కడికొచ్చాక నేనెవరో నాకే తెలియలేదు. ఇచ్చే చెయ్యిగా ఉన్నంతసేపూ, ఆ పాత మనిషినే అనిపించేది.”

దొర్కా జడ అల్లడం ఆపి ఆమెవైపు చూసింది. “ఆఫీసు జీపు మా ఇంటిముందు నుంచి ఆఖరిసారి వెళ్ళిన రోజు, నేను స్నానాల గదిలో దూరి ఏడ్చాను. మా ఆయనకు ఇప్పటికీ తెలీదు. ఈ వరసలో ఏడవని ఇల్లు లేదు వదినా. మీరొక్కరే ఏడవలేదనుకుని, మీ దగ్గరికి రావడానికి జంకాం.”

అప్పుడు కెజియా ఏడ్చింది. ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది. దొర్కా ఊరుకోమనలేదు. ఒక చేత్తో జడ కొస పట్టుకుని, రెండో చెయ్యి ఆమె భుజం మీద వేసి కూర్చుంది.

కబురు వసారా పొడుగునా పాకింది. మధ్యాహ్నానికి పుష్పలీల అన్నం, చారు పట్టుకొచ్చింది. కెజియా కాదనకుండా తీసుకుని, ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది. పుష్పలీల పకపకా నవ్వి అక్కడే చతికిలబడింది. సుందర్‌పాల్ కప్పెక్కి పెంకులు సర్దాడు. వాన రాగానే ఇంకోచోట కారింది. మళ్ళీ ఎక్కాడు.

వారం తిరిగి జెకర్యా వచ్చేసరికి ఇంటినిండా చెప్పులు, పిల్లలు, మాటలు. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్య చేతికట్టు చూసి కంగారుపడ్డాడు. ఆమె ముఖం చూసి స్థిమితపడ్డాడు. జరిగినదంతా విన్నాక నెమ్మదిగా అన్నాడు.

“కెజియా, బైబిలును మూలభాషలో చదవడానికని చెప్పే ఆ గ్రీకు పాఠం నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఇన్నేళ్ళ ఇంజనీరును, ఎవరినడుగుతానని నోరు మూసుకున్నాను.”

“నథానియేలు అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు,” అంది కెజియా. “వెళ్ళి అడగండి.”

జెకర్యా కాళ్ళు కూడా కడుక్కోకుండా పుస్తకం చంకలో పెట్టుకుని పక్కింటికి వెళ్ళాడు. కాసేపటికి గోడ అవతలనుంచి ఇద్దరు మగవాళ్ళు పసిపిల్లల్లా అక్షరాలు వల్లెవేయడం వినిపించింది. నథానియేలుకూ అవి అంతంతమాత్రమే వచ్చు మరి.

పిల్లలూ, ఇవ్వడం ఒక్కటే తెలిసినవారికి దండం పెట్టేవాళ్ళు దొరుకుతారు. తమకు లేనిదేమిటో నోరు తెరిచి చెప్పగలిగినవారికి తోడుండేవాళ్ళు దొరుకుతారు.