హోటలంతా తిరిగిచ్చేశారు

అరకు కొండ మలుపులో హోటలు నడిపే అప్పలకొండకి తన బుర్ర మీద మహా గురి. "మనింట్లో తెలివి గుమ్మం దాకా పొంగిపోతంది" అని రోజూ అనేవాడు. అది బయటికి కారిపోకుండా పెళ్ళాం పైడితల్లి, తమ్ముడు సన్యాసి గుమ్మం కింద గుడ్డలు కుక్కేవారు.

ఒకరోజు పట్నం నుంచి బస్సుల్లో టూరిస్టుల్ని పంపే కంపెనీ మేడమ్ తరంగిణి వచ్చింది. ఏసీ కారు దిగకుండానే ఊరి సేవ గురించి ఉపన్యాసం దంచింది. "ఊరి నుంచి తీసుకున్నది ఊరికి తిరిగివ్వండి. ఆదివారం వచ్చి చూస్తాను. నచ్చితే సీజనంతా బస్సులు మీకే. లేదంటే ఒక్కటీ రాదు!"

బస్సు రాకపోతే హోటలుకి తాళమే. అప్పలకొండ పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఊరి నుంచి మనం ఏటి తీసుకున్నామే?"

"వంటకి బుడ్డమ్మని తీసుకున్నాం కద మావా!"

అంతే. చేతిలో గరిటె చేతిలో ఉండగానే బుడ్డమ్మని ఎత్తుకెళ్ళి ఆవిడ ఇంటి ముందు దించేశారు.

"జీతం పెంచితే సాలదా బాబూ?" అని లబోదిబోమంది బుడ్డమ్మ.

"జీతమిస్తే మళ్ళీ నీ దగ్గర పని తీసుకోవాల. కుదర్దు!"

తరవాత నీళ్ళు గుర్తొచ్చాయి సన్యాసికి. ఊరి ఊటకి పైపు వేసే కదా ఈతకొలను నింపుకున్నారు! ఇంకేముంది, మందు కలిపిన కొలను నీళ్ళు, టూరిస్టుల సబ్బు నురగతో సహా, మోటారు పెట్టి ఊటలోకే తోడేశారు. ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు ఊపుకుంటూ తిట్లు లంకించుకున్నారు.

"సంబరం పట్టలేకపోతన్నారు మావా!" అని మురిసిపోయింది పైడితల్లి.

"సేవ మాటెందుకు, ఆ పైపు పీకెయ్యండి బాబూ, అదే పదివేలు" అన్నారు వాళ్ళు.

పాపం చదువు లేనోళ్ళు అనుకుని అప్పలకొండ నవ్వాడు. "పీకేస్తే ఎలాగ? తిరిగివ్వాలంటే ముందు తీసుకోవాలి కదా!"

ఈలోగా సన్యాసి గోడని గోకి చూశాడు. "అన్నా, ఇది ఊరి గెడ్డలోంచి తెచ్చిన ఇసకే!"

అంతే. గునపాలు పట్టారు. ముందు వంటగది, తరవాత గదులు, ఆపైన పైకప్పు దానంతటదే దిగొచ్చింది. ముక్కలన్నీ మోసుకెళ్ళి ఊరి పక్కన పారే గెడ్డలో పోశారు. ఊరంతా చూస్తూ నిలబడింది. ఒక్కరంటే ఒక్కరు ఆపలేదు.

ఆదివారం మేడమ్ నిండు బస్సుతో దిగింది. ఎదురుగా బోడి నేల. ఆ నేల మీద ముగ్గురూ ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు.

"హోటలేదయ్యా?"

"తిరిగిచ్చేశామమ్మా!" ఛాతీ విరిచాడు అప్పలకొండ. "ఈ నేలా ఊరిదే. అందుకే సగమే తొక్కుతన్నాం."

మేడమ్ తల తిప్పి కొండల వైపు చూసింది. బస్సులోవాళ్ళూ అటే చూశారు. సన్యాసి ఉలిక్కిపడ్డాడు. "అన్నా! ఈళ్ళు కొండని చూసేస్తన్నారు. కొండ ఊరిదే!"

ఇంకేముంది, పట్నంలో కొన్న తువ్వాళ్ళు తెచ్చి మేడమ్‌తో మొదలెట్టి అందరి కళ్ళకీ గంతలు కట్టేశారు.

"భయపడకండమ్మా," అన్నాడు అప్పలకొండ ముడి బిగిస్తూ, "ఇప్పటిదాకా చూసేసింది ఎంతో చెప్పండి. సాయంత్రంలోగా ఊరికి తిరిగిచ్చేస్తాం."