రొయ్యకు దేశబహిష్కారం

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని మార్తాండరాయలు అనే ప్రభువు ఏలుతుండేవారు. ఆయన కొలువులో ఒక వింత కట్టుబాటు ఉండేది. రాజుగారి ముఖం మీద ఎవరూ 'వద్దు' అనకూడదు. వద్దన్నవాడు రాజు కన్నా పెద్దవాడైపోతాడని ఆయన తాతగారు పెట్టిన నియమం అది. దానివల్ల ఆ తాతగారు ఎన్ని అవస్థలు పడి పోయారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఒక ఏడు రాయలవారికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి, కళ్ళు వాచాయి. ఆయన సింహాసనం మీద కూర్చుని గోక్కుంటుంటే సామంతులు పైకప్పు కేసి చూస్తూ నిలబడేవారు. రాజవైద్యుడు మల్లుభట్టు రోజూ తిప్పతీగ దంచి, పసుపు కలిపి కషాయం కాచి ఇచ్చేవాడు. తెల్లారేసరికి వాపు తీసేది. మధ్యాహ్నం భోజనం కాగానే మళ్ళీ మొదటికి వచ్చేది. భోజనంలో రొయ్యల ఇగురు ఉండేది మరి. అది లేనిదే రాజుగారికి ముద్ద దిగదు.

కారణం రొయ్యలేనని భట్టుకు తెలుసు. కానీ పథ్యం చెప్పాలంటే వద్దనాలి. చివరికి రాయలవారు విసిగిపోయి, పౌర్ణమి లోపల జబ్బు తగ్గకపోతే భట్టు పెళ్ళాం బిడ్డలతో రాజ్యం విడిచి పోవాలని ఆజ్ఞ వేశారు. పథ్యం మాటేమిటని భట్టు నసిగితే, పథ్యాలు ప్రజలకే గాని రాజులకు కావని కసిరారు.

కొలువులో సింగన అని ఒక చమత్కారి ఉండేవాడు. భట్టు అతని దగ్గరకు వెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఈ వయసులో పుట్టినూరు వదిలి ఎక్కడికి పోను సింగనా? మందు మంచిదే. నేను మంట ఆర్పుతుంటే ఆయన పక్కనుంచి నెయ్యి పోస్తున్నారు."

సింగనకు జాలేసింది. ఈసారి తీగ తెచ్చే పని తనకు వదిలెయ్యమన్నాడు.

ఆ రాజ్యంలో మందుమొక్కను ఊరికే కొయ్యరు. ముందురోజు దానికి పసుపు కుంకుమ పెట్టి, రేపు ఫలానావారి కోసం రావాలి తల్లీ అని పిలిచి వస్తారు. పిలవని మొక్క పనిచెయ్యదని నమ్మకం. సింగన కూడా వెళ్ళి తిప్పతీగను పిలిచి, మర్నాడు ఒట్టి చేతులతో కొలువుకు వచ్చాడు.

"తీగ ఏదీ?" అన్నారు రాయలవారు, మెడ గోక్కుంటూ.

"రానంది ప్రభూ."

"పిలిచింది రాజుగారని చెప్పలేదా?"

"చెప్పాను. ఏ రాజుగారని అడిగింది. పొద్దున తమరి ముఖంలో తమరే ఉంటారట. భోజనం కాగానే రొయ్య వచ్చి ఏలుతుందట. రొయ్య ఏలే ఒంట్లో తను కొలువు చెయ్యనంది."

భట్టు భయంతో కళ్ళు మూసుకున్నాడు. రాయలవారి ముఖం ఎర్రబడింది గాని ఆ కోపం సింగన మీద కాదు. తన ఒంటి మీద ఇంకొకరి ఏలుబడి ఏమిటి? ఆయన అక్కడికక్కడే రొయ్యకు దేశబహిష్కారం విధించి, ఒక్కటి కూడా కోటగుమ్మం తొక్కరాదని శాసించారు.

ఆ మర్నాడే తీగ వచ్చింది. కషాయం ఇక అడ్డు లేకుండా తన పని తను చేసుకుంది. పౌర్ణమి నాటికి రాయలవారి ఒళ్ళు నున్నబడింది. దురద పోయాక ఆలోచించుకునే తీరిక కూడా చిక్కింది.

"సింగనా, నా చేత పథ్యం చేయించావు కదూ?"

"నేను వద్దనలేదు ప్రభూ. శిక్ష వేసింది తమరే."

రాయలవారు ముసిముసిగా నవ్వుకున్నారు. భట్టు మీద ఆజ్ఞ రద్దు చేసి, ఇకమీదట వైద్యుడికి ఆ కట్టుబాటు వర్తించదన్నారు. అంతలో ఏదో గుర్తొచ్చి, రేవు నుంచి రోజూ వచ్చే రొయ్యల బుట్టలు ఇన్నాళ్ళూ ఏమయ్యాయని అడిగారు.

"దేశం దాటించాలంటే దూరాభారం ప్రభూ," అన్నాడు సింగన చేతులు కట్టుకుని. "అందుకని లోకమే దాటించేశాం. మా ఆవిడ చింతచిగురు వేసి దాటించింది."

రాయలవారు పొట్ట పట్టుకుని నవ్వి, మెడలోని హారం తీసి సింగనకు ఇచ్చారు. చింతచిగురు మాట వినగానే నోరూరిందేమో, ఆశగా ఒక్కసారి భట్టు వైపు చూశారు.

"వద్దు ప్రభూ," అన్నాడు భట్టు.