గద మరిచి వచ్చిన అల్లుడు

అనగనగా అనగానే ఊరు అనుకున్నారు గదూ? కాదర్రా, ఒక ఏరు. ఆ ఏటికి అటో ఊరు, ఇటో ఊరు. సముద్రాల అవతల క్రీకులనే జనం ఉండే దేశంలే. క్రీకంటే ఏరు, ఏటి ఒడ్డున ఉంటారని పైవాళ్ళు పెట్టిన పేరది, వాళ్ళు మాత్రం మేం మస్కోగీలమని చెప్పుకుంటారు.

అక్కడో చిత్రం చెప్పనా? ఇల్లు ఆడదానిది. పెళ్ళయితే పెళ్ళికొడుకే మూట చంకన పెట్టుకుని అత్తారింటికి పోవాలి. ఊరు ఊరంతా ఇల్లరికమే. నవ్వకే అరుంధతీ, మీ తాతయ్య ఆ దేశంలో పుట్టుంటే మా అమ్మ చేతికింద తిన్నగా ఉండేవాడు.

అలా అవతలి ఊరి నుంచి ఇవతలి ఊరికి వచ్చిన అల్లుడు ఇచో. పెళ్ళాం పేరు ఫుస్వ. కుర్రాడు మంచివాడే, తిండిపుష్టి ఉన్నవాడే, కానీ వాడికో దిగులుండేది. ఆ జనంలో యుద్ధంలో ఏదో ఒకటి చేస్తేనే మగాడికి పెద్ద పేరు పెడతారు. అందాకా చిన్నప్పటి పేరుతోనే పిలుస్తారు, సభలో పెద్దవాళ్ళకి కట్టెలు మోయమంటారు, పొయ్యి ఊదమంటారు. పేరు కావాలంటే పోరు కావాలి, పోరు కావాలంటే గద కావాలి, గద కావాలంటే కర్ర కావాలి, కర్ర కావాలంటే అడవికి పోవాలి. పోయాడు. గట్టి కర్ర తెచ్చి చెక్కాడు. గదంటే బొమ్మల్లో ఉండే గుండ్రటిది కాదు. బల్లపరుపుగా, కొస వంపు తిరిగి, ఆ వంపులో కొమ్ముముక్క దిగేసి ఉంటుంది. దాని మీద అత్తగారి ఊరి గుర్తు గీసి, ఎర్రరంగు పూశాడు. అత్తగారు చూసి, దీంతో మొక్కజొన్నలు దంచుకోవచ్చా నాయనా అని అడిగిందిట. ఊ కొడుతున్నారా?

పుట్టిన ఊళ్ళో స్నేహితులకి ఆ గద చూపించుకోవాలని ఇచో ఏరు దాటాడు. ఆడవాళ్ళ చెయ్యి తగిలితే ఆయుధం పస పోతుందని వాడి నమ్మకం. వాళ్ళమ్మకేమో కొడుకు ఏం తెచ్చినా తడిమి చూసే అలవాటు. అందుకని ఊరి మొదట్లో మొక్కజొన్న చేను గట్టుకి గదని ఆనించి, అన్నం తిన్నాక తీసుకోవచ్చులే అని ఇంట్లోకి వెళ్ళాడు. వాళ్ళమ్మ పులిసిన మొక్కజొన్న జావ పోసింది. తాగాడు, పోయించుకున్నాడు, తాగాడు, పోయించుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి. లేచేసరికి వాన మబ్బు పట్టింది. ఏరు పొంగుతుందేమోనని పరుగో పరుగు, స్నేహితుల ఊసూ లేదు, గద ఊసూ లేదు, ఇంటికొచ్చి పడ్డాడు.

ఇప్పుడు చూడండి తమాషా. ఆ దేశంలో ఒక ఊరివాళ్ళు తమ గుర్తున్న ఎర్ర గదని ఇంకో ఊరి పొలిమేరలో వదిలి వెళితే, యుద్ధానికి రమ్మని అర్థం. వేరే రోజుల్లో అయితే ఏమిటిదని కనుక్కునేవాళ్ళేమో గానీ, వేటాడే అడవి మాదంటే మాదని రెండూళ్ళూ అప్పటికే ఉప్పూ నిప్పుగా ఉన్నాయి.

పొద్దున్నే అవతల డప్పులు మోగాయి. మీ గద అందింది, వస్తున్నాం అని కబురొచ్చింది. ఇవతలి పెద్దలు గద పెట్టిందెవరని అడిగితే ఎవరికి వాళ్ళు మేం కాదన్నారు. కుర్రాళ్ళకి మాత్రం పండగే. మొహానికి రంగు పూసుకునేవాడు పూసుకుంటున్నాడు, వింటికి నారి బిగించేవాడు బిగిస్తున్నాడు, రెల్లు బాణానికి చేపముల్లు కట్టేవాడు కడుతున్నాడు. ఇచో కూడా పేరొస్తోంది, పేరొస్తోంది అనుకుంటూ గద కోసం ఇంటికి పరిగెత్తాడు. దూలం మీద వెతికాడు, లేదు. మంచం కింద వెతికాడు, లేదు. అత్తగారి రోటి వెనక కూడా వెతికాడు. అప్పుడు గుర్తొచ్చింది వెధవకి.

ఫుస్వ వచ్చి ఏమయిందంటే చెప్పాడు. ఆ పిల్లకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వీడు నోరు మూసుకుంటే యుద్ధం జరుగుతుంది, పేరు వస్తుంది. కానీ అవతల ముందు వరసలో నిలబడేది వీడి సొంత మేనమామ, ఆయన వెనక వీడి అన్నదమ్ములు. నిజం చెబితే పేరు ఈ జన్మకి రాదు, పిల్లలు కూడా వెంటబడి నవ్వుతారు. పైగా రంగు పూసుకుని ఉన్నవాళ్ళు ముందు బాణం వేసి తర్వాత మాట వింటారు. భయమేసింది పాపం, చాలా భయమేసింది. ఫుస్వ ఒక తెల్ల ఈక తెచ్చి చేతిలో పెట్టింది. వాళ్ళలో తెలుపంటే శాంతి.

ఒక్కడూ ఏరు దాటాడు. బాణాలన్నీ వాడి వైపే తిరిగాయి. మేనమామ ఆ గద పట్టుకునే నిలబడి ఉన్నాడు.

"ఇదెవరిదిరా?"

"నాదే మావయ్యా. మరిచిపోయాను."

"ఆయుధం ఎవడైనా మరిచిపోతాడట్రా?"

"అమ్మ జావ పోసింది మావయ్యా."

అప్పుడు వెనకనుంచి వాళ్ళమ్మ, నిజమే, కుండ అడుగంటా తాగాడు, నాకు కూడా మిగల్చలేదు అంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పక్కవాడు, వాడి పక్కవాడు, ఆఖరికి ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

మేనమామ ఒక్కడే నవ్వలేదు. గద పట్టుకుని రావడానికి మీ ఊళ్ళో అందరూ తయారేరా, ఈ మాట చెప్పుకోవడానికి వట్టి చేతుల్తో రావాలంటే నాకైతే కాళ్ళాడవు అన్నాడు. పూసుకున్న రంగు దండగెందుకని రెండూళ్ళ కుర్రాళ్ళూ బంతిని అందుకుని విసిరే బంతికర్రలు పట్టి ఏటి ఒడ్డున ఆడారు, గెలిచినవాళ్ళది అడవి అనుకుని. ఆ ఆటని వాళ్ళు యుద్ధానికి తమ్ముడంటారట. అవతలివాళ్ళు గెలిచారు. ఇచో ఏ జట్టులో ఆడాలో తేలక గట్టు మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇవతలి ఊరి సభలో వాణ్ణి నిలబెట్టి పెద్ద పేరు పెట్టారు. గద మరిచినవాడు అని. వాడు సిగ్గుతో తలొంచుకున్నాడు. కానీ ఆ పేరు చెప్పి నవ్వినవాళ్ళే, ఏ రెండూళ్ళకి తగువొచ్చినా ముందు వాణ్ణే పిలిచేవాళ్ళు, వాడి మాటే నమ్మేవాళ్ళు. అత్తగారు కూడా అప్పట్నుంచి ఆ పేరుతోనే పిలిచేది, కొంచెం గట్టిగా, పక్కింటివాళ్ళకి వినపడేలా.

అందుకే చెబుతున్నా. మరిచిపోవడం ఎవరైనా మరిచిపోతారు. వెంటనే వచ్చి చెప్పండి, నాలుగు తిట్లతో పోతుంది. కథ ఏరు దాటి కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.